పండు పారిపోతుంది, పాకం ఉండిపోతుంది

"అమెరికా నుంచి మా అక్క సెంటు తెచ్చింది. కొట్టుకున్న ఐదు నిమిషాలు పళ్ళ వాసన, అరగంట గడిచాక ఒట్టి పంచదార పాకం వాసన. ఎవరైనా డూప్లికేట్ అంటగట్టారంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ సెంటు పేరు ఫాంటసీ. అమెరికా పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరు మీద 2005లో ఎలిజబెత్ ఆర్డెన్ కంపెనీ తెచ్చింది. గుండ్రటి ముదురు గులాబీ రంగు సీసా, దాని మీద ఆకుపచ్చ రాళ్ళు. అమెరికాలో మందుల షాపుల అరల్లో కూడా దొరికే రకం. అందుకే అక్కడి నుంచి వచ్చే సూట్‌కేసుల్లో చాక్లెట్ల పక్కన ఇలాంటి సీసా ఒకటి తరచూ కనిపిస్తుంది.

సీసా అసలుదో నకిలీదో నేను చెప్పలేను. కానీ వాసన మారడం మాత్రం నకిలీకి సాక్ష్యం కాదు. మారకపోతేనే ఆశ్చర్యపోవాలి.

సినిమా, పాటల తారల పేర్లతో సెంట్లు ఎలా మొదలయ్యాయో ఎక్కువ చెప్పను. ఎలిజబెత్ టేలర్ వైట్ డైమండ్స్ 1991లో వచ్చింది, జెన్నిఫర్ లోపెజ్ గ్లో 2002లో, అరియానా గ్రాండే క్లౌడ్ 2018లో. తార పేరు ఇస్తుంది, కంపెనీ సరుకు తయారు చేయిస్తుంది, వాసనను కూర్చేది మాత్రం తెర వెనక ఉండే నిపుణుడు. ఫాంటసీని కూర్చింది జేమ్స్ క్రివ్డా, క్లౌడ్‌ని కూర్చింది క్లెమెంట్ గవారీ. సీసా కొన్నవాళ్ళలో ఈ పేర్లు విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు ఆసక్తి సీసా లోపలి సంగతి మీద.

ఫాంటసీ ప్రచారంలో లీచీ, కివీ, కప్‌కేక్, తెల్ల చాక్లెట్ అని ఉంటుంది. అందులో ఏ పండూ పిండి ఉండరు. నిమ్మ, నారింజలకైతే తొక్కలోనే నూనె తిత్తులుంటాయి, తొక్కను పిండితే నూనె వస్తుంది. స్ట్రాబెరీ, ఆపిల్, మామిడి అలా కావు. స్ట్రాబెరీలో దాదాపు 90 శాతం నీళ్ళే. వాసననిచ్చే పదార్థాలు కిలోకి మిల్లీగ్రాముల లెక్కన ఉంటాయి, కాచి తీద్దామంటే పచ్చి పండు వాసన పోయి జామ్ వాసన వస్తుంది. అందుకని సెంట్లలోని పండ్ల వాసన చాలావరకు ఫ్యాక్టరీలోనే పుడుతుంది. చవగ్గా పుడుతుంది కూడా. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఖరీదైన సీసాలో ఉండే పీచ్ పండు వాసన కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఈ పండ్ల వాసనల్లో ఎక్కువ భాగం ఎస్టర్లు అనే కుటుంబానివి. ఆల్కహాల్‌నీ ఒక కార్బాక్సిలిక్ ఆమ్లాన్నీ కలిపి, నాలుగు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేస్తే ఎస్టర్ తయారవుతుంది. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో అందరం చేసిన పరీక్షే ఇది. చేశామనడం కూడా ఎక్కువేమో. పరీక్ష నాళికను ముక్కు దగ్గరికి తీసుకోకుండానే రికార్డులో "పండ్ల వాసన వచ్చినది" అని రాసి సంతకం పెట్టించుకున్నవాళ్ళే ఎక్కువ. రెండేళ్ళ సిలబస్‌లో విద్యార్థి ముక్కుకి పని చెప్పే ప్రయోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటినీ రికార్డు రాతగా మార్చేశాం.

అరటిపండు వాసనకి ముఖ్య కారణం ఐసోఅమైల్ ఎసిటేట్. ఇథైల్ బ్యుటిరేట్‌ది పండ్ల రసాల డబ్బా తెరిచినప్పుడు వచ్చే వాసన. ఇథైల్ హెక్సనోయేట్‌ది అనాస వాసన. ఇక పాకం వైపు వస్తే, ఈ తీపి సెంట్లన్నిటికీ ప్రాణం ఇథైల్ మాల్టాల్. దీని అక్క మాల్టాల్ పంచదార మాడి ఎర్రబడేటప్పుడు, రొట్టె పైపొర కాలేటప్పుడు సహజంగా పుడుతుంది. ఇథైల్ మాల్టాల్ మాత్రం మనుషులు చేసినది, మాల్టాల్ కన్నా నాలుగైదు రెట్లు ఘాటు. దాని వాసన ఎలా ఉంటుందో వర్ణించక్కర్లేదు, అది అచ్చం పీచు మిఠాయి వాసన. 1992లో ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ థియెరీ మ్యూగ్లర్ కంపెనీ ఏంజెల్ అనే ఖరీదైన సెంటులో దీన్ని ధారాళంగా గుప్పించింది. తిరునాళ్ళలో మిఠాయి కొట్ల వాసన కావాలని మ్యూగ్లర్ పట్టుబట్టాడట, ఒలివియే క్రెస్ప్ కూర్చిపెట్టాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో అదే తీపి చవక సీసాల్లోకి దిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అనాస ముందు ఎందుకు పోతుంది? పీచు మిఠాయి ఎందుకు మిగులుతుంది?

సెంటు ఆరడమంటే పెళ్ళిభోజనాలయ్యాక ఇల్లు ఖాళీ కావడం లాంటిదే. ముందు బ్యాండు మేళం పోతుంది. అది సెంటులోని ఆల్కహాల్. సీసాలో సగానికి పైన అదే, కానీ వచ్చిన హడావిడే గాని నిమిషంలో ఉండదు. తర్వాత ఆఫీసు స్నేహితులు. కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి, తిని వెళ్ళిపోతారు. వాళ్ళు ఎస్టర్లు. సాయంత్రం దాకా ఉండేది దూరపు చుట్టాలు. రెండో రోజుకి కూడా కదలనివాళ్ళు పిన్నులూ మేనత్తలూ. పడక్కుర్చీలోంచి లేవని తాతగారు సరేసరి.

దీనికి ప్రతి పుస్తకంలోనూ ఒకటే వివరణ ఉంటుంది: తేలిక అణువులు ముందు ఎగిరిపోతాయి, బరువైనవి మిగులుతాయి. సగమే నిజం. అంకెలు చూడండి. అనాస వాసన ఇచ్చే ఇథైల్ హెక్సనోయేట్ అణుభారం 144. పీచు మిఠాయి వాసన ఇచ్చే ఇథైల్ మాల్టాల్‌ది 140. బరువైన అనాసే ముందు వెళ్ళిపోతోంది! రెంటినీ విడివిడిగా గాజు పళ్ళెంలో పోస్తే తేడా కంటికే కనిపిస్తుంది. మొదటిది నీళ్ళలాంటి ద్రవం, 167 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రెండోది తెల్లటి స్ఫటికాల పొడి, కరగడానికే 90 డిగ్రీల దాకా వేడి కావాలి. బరువు ఇంచుమించు ఒకటే, స్వభావాలకు పొంతన లేదు.

మళ్ళీ పెళ్ళింటికే వెళ్దాం. ఎవరు ముందు వెళ్తారన్నది ఒంటి బరువును బట్టి ఉండదు గదా! కబుర్లకి మనిషి దొరికినవాళ్ళు కదలరు. మేనత్త చెయ్యి పిన్ని పట్టుకుంటుంది, పిన్ని చెయ్యి ఇంకో వదిన పట్టుకుంటుంది, "ఇంకాసేపు ఉండవే" అంటుంది. ఇథైల్ మాల్టాల్ అణువు ఒక ఆరు మూలల వలయం. దాని మీద ఒక చోట ఆక్సిజన్ రెండు బంధాలతో అతుక్కుని ఉంటుంది, దాని పక్కనే ఇంకో ఆక్సిజన్ ఒక హైడ్రోజన్‌ని మోస్తూ ఉంటుంది. ఈ హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు లాగుతుంది. ఇదే హైడ్రోజన్ బంధం. పట్టుకోవడానికి చెయ్యీ ఉంది, పట్టు ఇవ్వడానికి భుజమూ ఉంది. వలయం పలకలాగా చదునుగా ఉండడం వల్ల ఒకదాని మీద ఒకటి దొంతరగా కూడా సర్దుకుంటాయి. ఎస్టర్‌కి భుజం ఉంది గానీ చెయ్యి లేదు. దాని ఆక్సిజన్ల మీద హైడ్రోజన్ లేదు. ఆ ఆఫీసు స్నేహితుడికి ఇంట్లో ఎవరూ తెలియదు, కూర్చోమనేవాళ్ళు లేరు, బండి తాళం తీస్తాడు.

వెనిల్లా వాసన ఇచ్చే వెనిలిన్ కూడా చెయ్యి ఉన్న మనిషే. అణుభారం 152, మరిగేది దాదాపు 285 డిగ్రీల దగ్గర. మధ్యలో దూరపు చుట్టాలున్నారే, వాళ్ళు లాక్టోన్లు. ఎస్టర్ తన తోకను తానే పట్టుకుని వలయమైతే లాక్టోన్. గామా డెకాలాక్టోన్‌ది పండిన పీచ్ వాసన, అణుభారం 170, మరిగేది 281 డిగ్రీల దగ్గర. మామిడిలోనూ లాక్టోన్లు ఉంటాయి, రసం జుర్రుకున్న చేతికి సబ్బు పెట్టి కడిగినా పోని ఆ మెత్తటి తీపి వాసనలో వాటికీ వాటా ఉంది. తీపి పండ్ల సెంట్లు కూర్చేవాళ్ళు పీచ్‌ని అంత తరచుగా వాడడానికి కారణం ఇదే. అనాస వెళ్ళి పాకం ఒంటరిగా మిగిలేలోపు పండు ఛాయను కాస్త పొడిగిస్తుంది.

ఇక పడక్కుర్చీలో తాతగారు కస్తూరి. అసలు కస్తూరి కాదు, గెలాక్సోలైడ్ అనే కృత్రిమ కస్తూరి. అణుభారం 258. ఈయనకి మాత్రం చేతులు లేవు, భారీ శరీరమే కారణం. ఉతికిన బట్టలకి మర్నాడు కూడా అంటిపెట్టుకునే వాసన చాలా డిటర్జెంట్లలో ఈ కోవ కస్తూరిదే. అంటే ఉండిపోయేవాళ్ళలో రెండు రకాలు: పట్టు వల్ల ఉండేవాళ్ళు, భారం వల్ల ఉండేవాళ్ళు. తీపి సెంటు అడుగున రెండు రకాలూ ఉంటాయి, అందుకే చున్నీకి రెండు రోజులైనా వాసన పోదు.

ఫాంటసీ ఫార్ములా కంపెనీ బయట పెట్టదు. నేను చెప్పినవి ఈ రకం సెంట్లలో మామూలుగా కలిపే సరుకులు. కానీ సూత్రం ఏ సీసాకైనా ఒకటే.

ఒక చిన్న పక్కదారి. మల్లెపూలు పెట్టుకుని, సెంటు కొట్టుకుని రాత్రిపూట చెట్ల కిందికి వెళ్తే దయ్యం పడుతుందని అమ్మమ్మలు అనేవాళ్ళు. మొగలి పొద దగ్గర పాములుంటాయి, ఆ వాసనకే వస్తాయి అని ఇంకొకటి. మల్లె సాయంత్రం విచ్చుకుని చీకట్లో ఎక్కువ వాసన వేస్తుంది, ఆ వేళ తిరిగే పురుగులు దానికి కావాలి. ఆ వాసనలో ఉన్న బెంజైల్ ఎసిటేట్ కూడా ఎస్టరే. మొగలి పొద గుబురుగా, ముళ్ళతో, తేమగా ఉంటుంది. పాము దాక్కోవడానికి అంతకన్నా ఏం కావాలి? వాసనతో పని లేదు. అలాగని అన్ని హెచ్చరికలనీ మూఢనమ్మకాల గంపలో వెయ్యకండి. తేనెటీగలు పెంచేవాళ్ళు పెట్టెల దగ్గరికి అరటిపండు తింటూ రావద్దంటారు. అది అక్షరాలా నిజం. తేనెటీగ కుట్టినప్పుడు కొండి దగ్గర నుంచి ఐసోఅమైల్ ఎసిటేట్, అంటే ఆ అరటిపండు వాసనే, వదులుతుంది. "శత్రువు ఇక్కడున్నాడు, రండి" అని మిగతా ఈగలకి అది కబురు. 1962లో శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. పండ్ల సెంటు కొట్టుకుని తేనెటీగల పెంపకం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సెంట్లు కూర్చింది చల్లటి దేశాల ముక్కుల కోసం. ద్రవం పైన ఆవిరి ఒత్తిడి ఉష్ణోగ్రతతో పాటు సమంగా పెరగదు, ఎగబాకుతుంది. ఎస్టర్ లాంటి పదార్థానికి 20 డిగ్రీల దగ్గర ఉన్న ఒత్తిడి 40 డిగ్రీలకి దాదాపు మూడు రెట్లవుతుంది. గట్టిగా పట్టుకుని కూర్చున్న అణువులకైతే నాలుగైదు రెట్లు కూడా కావచ్చు, ఎందుకంటే పట్టు ఎంత గట్టిదైతే వేడి ప్రభావం అంత ఎక్కువ. కాబట్టి మే నెల విజయవాడలో రెండు జరుగుతాయి. పండు ఇంకా తొందరగా పారిపోతుంది. పాకం ఇంకా గట్టిగా గుప్పుమంటుంది. తలుపులు మూసిన ఆటోమేటిక్ లిఫ్టులో పీచు మిఠాయి వాసన తలనొప్పి తెప్పిస్తే అది మీ సున్నితత్వం కాదు, భౌతికశాస్త్రం. చర్మం మీద తేడా కొంచెం తక్కువ, చర్మం ఏ ఊళ్ళోనైనా 33 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. ఎండలో ఆరే బట్టల మీదే అసలు తేడా.

అందుకే షాపులో అట్టముక్క మీద కొట్టి, వాసన చూసి, అర నిమిషంలో బిల్లు కట్టడం తెలివైన పని కాదు. మీరు డబ్బు పెట్టి కొన్నది బ్యాండు మేళాన్నీ ఆఫీసు స్నేహితుల్నీ. మీతో ఇంటికి వచ్చేది మేనత్తలు. మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుని షాపు బయటికి వచ్చెయ్యండి. అరగంట ఆగి చూడండి, భోజనమయ్యాక ఇంకోసారి చూడండి. అప్పటికి మిగిలిన వాసన నచ్చితేనే వెనక్కి వెళ్ళండి. పండు కోసమే కొనేవాళ్ళయితే చిన్న సీసా కొనుక్కుని మధ్యాహ్నం మళ్ళీ కొట్టుకోవడం తప్ప మార్గం లేదు. పొడి చర్మం మీద ఎస్టర్లు ఇంకా తొందరగా లేచిపోతాయి, కొద్దిగా వాజెలిన్ రాసిన చోట కొడితే కాసేపు నిలుస్తాయి.

మళ్ళీ కొట్టుకునే ముందు మాత్రం పక్కనున్నవాళ్ళని అడగండి. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మెదడుకి కొత్త కబురే ముఖ్యం. పైగా కొన్ని కస్తూరి వాసనలు పుట్టుకతోనే కొందరి ముక్కుకి ఆనవు, గెలాక్సోలైడ్ వాటిలో ఒకటి. "నాకేం రావట్లేదు, పోయిందేమో" అని మూడోసారి కొట్టుకునే మనిషి పక్కన బస్సులో కూర్చున్నవాళ్ళకి మాత్రం కస్తూరీ, వెనిల్లా, పీచు మిఠాయీ అన్నీ పూర్తిగా వస్తూనే ఉంటాయి.