రెటీనా అతుక్కుంది, మరి గీతలు వంకరగా ఎందుకు కనిపిస్తున్నాయి?

రెటీనా, అంటే కంటి లోపల వెనుక వైపు వెలుగును పట్టే పలచటి పొర, ఊడిపోయి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామంది నెలో రెండు నెలలో గడిచాక డాక్టర్‌ని ఒకే మాట అడుగుతారు. "రెటీనా బాగా అతుక్కుందన్నారు కదా, మరి తలుపు అంచు వంకరగా ఎందుకు కనిపిస్తోంది?" ఈ ప్రశ్నకు చాలా దశాబ్దాల పాటు సరైన జవాబు లేదు. ఇప్పుడు ఆపరేషన్ తర్వాత తీసే కంటి స్కాన్లను ఏఐ చేత చదివించే ప్రయత్నాలు నడుస్తున్నాయి కాబట్టి, అసలు ఇక్కడిదాకా ఎలా వచ్చామో ఒకసారి చూడాలి. ఏఐ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తడబడుతుందో అర్థం కావాలంటే ఆ పాత కథ తెలియాలి.

1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి చూపించాకే బతికున్న మనిషి రెటీనాను డాక్టర్లు నేరుగా చూడగలిగారు. చూడటం వచ్చింది గానీ బాగుచేయడం మరో డెబ్బై ఏళ్ల దాకా రాలేదు, రెటీనా ఊడిందంటే ఆ కన్ను దాదాపు పోయినట్టే లెక్క. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్ గోనిన్ అనే డాక్టర్ దీనికంతటికీ మూలం రెటీనాలో పడిన చిరుగేనని పట్టుబట్టారు. ఆ చిరుగు ఎక్కడుందో వెతికి, కాల్చి మూసేస్తే రెటీనా మళ్లీ అతుక్కుంటుందని 1920 ప్రాంతంలో చేసి చూపించారు. తర్వాత కంటిగుడ్డును బయటినుంచి పట్టీతో నొక్కే బకిల్ వచ్చింది, 1970ల మొదట్లో రాబర్ట్ మాకెమర్ కంటి లోపలి జెల్లీని తీసేసే విట్రెక్టమీ తెచ్చారు, రెటీనాను లోపలి నుంచి అదిమి ఉంచడానికి కంట్లో గ్యాస్ బుడగ, సిలికాన్ ఆయిల్ నింపడం అలవాటైంది.

ఇంత జరిగినా, కంట్లో ఏముందో నమోదు చేసేది మాత్రం ఎక్కువగా చేతి బొమ్మే. తలకు తగిలించుకుని రెండు కళ్లతోనూ చూసే పరికరాన్ని రూపొందించిన చార్లెస్ షెపెన్స్ తరం డాక్టర్లు రంగు పెన్సిళ్లతో రెటీనా పటాలు గీసేవారు, ఊడిన భాగం నీలం, అతికి ఉన్నది ఎరుపు. నాకు ఆ బొమ్మలంటే చాలా గౌరవం, ఒక్కో దాని వెనుక ఎంతో ఓపికైన పరిశీలన ఉంటుంది. అయితే అతికిందా లేదా అన్న ఒక్క సంగతే వాటికి తెలుసు.

చిత్రాల దారి మారడంలో ఒక తండ్రి బాధ కూడా ఉంది. డగ్లస్ ఆండర్సన్ కొడుక్కి ఐదేళ్ల వయసులో రెటీనా ఊడిపోయింది, ఆలస్యంగా బయటపడటంతో ఒక కంటి చూపు పోయింది. పిల్లలకు కూడా సులువుగా, రెటీనాలో ఎక్కువ భాగం ఒకేసారి పడేలా ఫోటో తీయాలని ఆయన 1992లో స్కాట్లాండ్‌లో ఆప్టోస్ సంస్థ పెట్టారు. ఆ యంత్రం ఒక్క ఫోటోలో 200 డిగ్రీల వరకు చూపిస్తుంది.

రోగి ప్రశ్నకు జవాబు మాత్రం ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) అనే స్కాన్ నుంచి వచ్చింది. 1991లో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం దీన్ని ప్రకటించింది. అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని ఇది కాంతితో చేస్తుంది, రెటీనాను పొరలు పొరలుగా కోసి చూపించినట్టు ఉంటుంది, కత్తి పెట్టకుండానే. ఇది వచ్చాక అప్పటివరకు కనబడనివి కనబడ్డాయి. పైనుంచి చూస్తే చక్కగా అతికినట్టున్న కళ్లలో కూడా, ముఖ్యంగా బకిల్ వేసిన తర్వాత, మాక్యులా (సూటి చూపుకు కీలకమైన రెటీనా నడిమి భాగం) కింద పలచటి నీరు నెలల తరబడి నిలిచి ఉంటోంది. వెలుగును పట్టే కణాల పొర స్కాన్‌లో ఒక మెరిసే గీతలా ఉండాలి, మాక్యులా కూడా ఊడినవాళ్లలో ఆ గీత తెగిపోయి, మెల్లగా అతుక్కుంటూ వస్తోంది. 2010లో జపాన్ డాక్టర్లు, ఆటోఫ్లోరెసెన్స్ అనే ఇంకో రకం ఫోటోల్లో, విట్రెక్టమీ తర్వాత రక్తనాళాలు పాత చోటు నుంచి కొద్దిగా జరిగిన జాడలు చూపించారు. అంటే రెటీనా అతికింది, కానీ ఉన్నచోట అతకలేదు. గీతలు వంకరగా కనబడటానికి ఇదొక కారణం, రోగి ఊహించుకుంటున్నది కాదు!

ఇక ఏఐ సంగతి. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో, మైక్రోస్కోప్ చిత్రాల్లో కణాల హద్దులు గీయడానికి యూ-నెట్ అనే ఏఐ పద్ధతి తయారైంది, రెటీనా పొరలను, నీటి గుంటలను కొలవడానికి ఇప్పటికీ ఎక్కువమంది పట్టుకునేది ఆ పద్ధతినే. 2016లో గూగుల్ పరిశోధకులు షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బును ఫోటోల్లో ఏఐ చేత పట్టించారు, 2017లో జపాన్‌లో విశాలమైన ఫోటోల మీద ఊడిన రెటీనాను గుర్తించే ప్రోగ్రామ్ వచ్చింది. 2018లో గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్, లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి కలిసి 14,884 ఓసీటీ స్కాన్లతో ఒక వ్యవస్థను తయారు చేశాయి. నా దృష్టిలో అందులో అన్నిటికంటే విలువైన అంకె ఇంకోటి. రోగిని కంటి నిపుణుల దగ్గరికి ఎంత తొందరగా పంపాలో చెప్పడంలో దాని తప్పులు 5.5 శాతం, వేరే కంపెనీ యంత్రం స్కాన్లు ఇస్తే 46.6 శాతం. ఆ యంత్రం చిత్రాలతో మళ్లీ నేర్పాక 3.4 శాతానికి దిగింది.

యంత్రం మారితేనే అంత తేడా వస్తే, ఆపరేషన్ అయిన కన్ను సంగతి వేరే చెప్పాలా? గ్యాస్ బుడగ ఉన్నన్నాళ్లు కాంతి దాని అంచు దగ్గరే చెదిరిపోతుంది, స్కాన్ సరిగ్గా రాదు. ఆయిల్ చిన్న చిన్న బొట్లుగా విడిపోతే స్కాన్‌లో మెరిసే చుక్కలవుతాయి. విట్రెక్టమీ తర్వాత తరచుగా వచ్చే శుక్లం చిత్రాన్ని మసకబారుస్తుంది, నేర్పని ప్రోగ్రామ్ ఆ మసకనే పొర దెబ్బతిన్నట్టు చదవొచ్చు. లేజర్ మచ్చలు, బకిల్ నొక్కిన గట్టు, ఇవన్నీ మామూలు కంటిలో ఉండవు కదా. పైగా తెగిన గీత రెండో వారంలో కనబడితే ఒక అర్థం, ఏడాది తర్వాత కనబడితే ఇంకో అర్థం. అందుకే ఇలాంటి కళ్ల కోసం ఏఐకి నేర్పేవాళ్లు ఒక్క స్కాన్ ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. మాక్యులా ఊడిందా లేదా, ఊడితే ఎన్నాళ్లు ఊడి ఉంది, బకిలా విట్రెక్టమీయా, లోపల గ్యాసా ఆయిలా, ఆపరేషనై ఎన్ని రోజులైంది, ఇవన్నీ ప్రతి స్కాన్‌తో పాటు రాసి పెట్టాలి. వాటి పక్కనే, గీతలు ఎంత వంకరగా కనబడుతున్నాయో ఆ రోగి చెప్పిన మాట కూడా ఉండాలి.