జర్నల్‌లో వచ్చిందంటే నిజమేనా? ట్రయల్ లెక్కలు చూసేవాడిగా కొన్ని అపోహలు - వాస్తవాలు

క్లినికల్ ట్రయల్స్ (మందుల్ని మనుషుల మీద పరీక్షించే స్టడీలు) లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఆ మాట తెలియగానే కొందరు "జర్నల్‌లో పేపర్ వచ్చింది కదా, ఇంకా అనుమానం దేనికి" అంటారు, ఇంకొందరు "అదంతా కంపెనీలు ఆడించే ఆట" అంటారు. ఇద్దరూ డేటా అడగరు, నా బాధ అదే.

అపోహ: జర్నల్‌లో అచ్చయిందంటే ఎవరో క్షుణ్ణంగా చెక్ చేసే ఉంటారు.

వాస్తవం: పీర్ రివ్యూ (అచ్చుకి ముందు అదే రంగంలోని వాళ్ళు పేపర్‌ని పరిశీలించడం) చేసేవాళ్ళ చేతికి మామూలుగా వచ్చేది రాసిన పేపరే, ఒక్కో పేషెంట్ డేటా కాదు. నేనూ రివ్యూలు చేస్తాను, టేబుల్లో సగటులు పొందిగ్గా ఉంటే లోపల ఏముందో కనిపెట్టడం చాలా కష్టం. ఒకసారి ఎందుకో మనసొప్పక ఒరిజినల్ ఎక్సెల్ షీట్ అడిగి తెప్పించుకున్నా, కిందికి స్క్రోల్ చేస్తుంటే ఈ నంబర్లు ఇందాకే చూశానే అనిపించింది, వెనక్కెళ్ళి చూస్తే 14 మంది పేషెంట్ల హీమోగ్లోబిన్, బరువు, క్రియాటినిన్ అన్నీ పైనున్న 14 మందివే, అదే వరుసలో, వయసు ఒక్కటే మార్చారు. పేపర్ చదివితే మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఇంగ్లండ్‌లో జాన్ కార్లైల్ అని మత్తు డాక్టర్ ఒకాయన 'అనస్థీషియా' జర్నల్‌కి వచ్చిన 526 ట్రయల్స్‌ని ఇలాగే జల్లెడ పట్టారు. షీట్ చేతికొచ్చిన 153లో 67 ట్రయల్స్‌లో తప్పుడు డేటా దొరికింది, షీట్ లేని 373లో ఆయన పట్టుకోగలిగింది 6 మాత్రమే. (షీట్లు అందర్నీ అడగలేదు, కాబట్టి ఈ లెక్కని మొత్తం సైన్స్‌కి అంటగట్టకండి.)

అపోహ: మందు ఎలా పనిచేస్తుందో లాజిక్ కరెక్ట్‌గా ఉంటే చాలు, ట్రయల్ అంతా టైమ్ వేస్ట్.

వాస్తవం: గుండెపోటు వచ్చినవాళ్ళకి గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటుంటే ప్రాణానికి రిస్క్ ఎక్కువ, మరి ఆ బీట్లని అణిచే మందిస్తే బతుకుతారు కదా? ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది, డాక్టర్లకీ అనిపించింది, ఆ మందులు రాసిచ్చారు, ఈసీజీలు కూడా శుభ్రంగా కనపడేవి. తీరా క్యాస్ట్ అనే ట్రయల్‌లో అలాంటి మందులైన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ మందులు మధ్యలోనే ఆపేశారు. ఎవరూ మోసం చెయ్యలేదు ఇక్కడ, అందరూ మంచి మనసుతోనే ఇచ్చారు, అందుకే ఈ కథ నన్ను వదలదు.

అపోహ: పబ్లిష్ అయినవన్నీ కలిపి చూస్తే నిజం తేలిపోతుంది.

వాస్తవం: అచ్చుకానివి ఎక్కడ చూస్తారు? డిప్రెషన్ మందుల మీద అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టరైన 74 స్టడీల్లో, బాగా పనిచేసిందని తేలిన 38లో 37 అచ్చయ్యాయి, మిగతా 36లో 22 అసలు బయటికే రాలేదు, 11 అయితే పనిచేసినట్టు అనిపించేలా రాశారు. 2008లో బయటపడింది ఇది.

అపోహ: స్కెప్టిక్ అంటే దేన్నీ నమ్మనివాడు.

వాస్తవం: 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్ లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో 12 మంది పిల్లల మీద పేపర్ రాసి ఎంఎంఆర్ టీకాకి (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజంకి లింకు పెట్టాడు. దాన్ని నమ్మి టీకాని అనుమానించినవాళ్ళని స్కెప్టిక్ అంటున్నారు గానీ నా దృష్టిలో అసలు స్కెప్టిక్ బ్రయన్ డీర్ అనే జర్నలిస్టు, ఆ 12 మంది రికార్డులూ ఒక్కొక్కటీ పేపర్‌తో పోల్చి చూశాడు. టీకాకి ముందు అందరూ మామూలుగానే ఉన్నారని పేపర్, వాళ్ళలో 5 గురికి ముందు నుంచే ఎదుగుదల గురించి అనుమానాలున్నాయని రికార్డులు. లాన్సెట్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది 2010లో, ఆ 12 ఏళ్ళలో టీకా వేయించని పిల్లల్లో తట్టు మళ్ళీ మొదలైంది.