జపాన్ చెక్క అచ్చు బొమ్మలు: అపోహలు – వాస్తవాలు

ప్రింట్‌మేకింగ్ నేర్పుతుంటాను. జపాన్ చిత్రకారులు హిరోషిగే, హొకుసాయ్ పేర్లు వచ్చినప్పుడల్లా ఈ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి.

అపోహ: బొమ్మ గీసినవాడే చెక్కి, అచ్చు వేసేవాడు.

వాస్తవం: చిత్రకారుడు ఇచ్చేది పల్చటి కాగితం మీద గీత మాత్రమే. దాన్ని చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీతలు మిగిలేలా చుట్టూ చెక్కేస్తారు. దాంతో అసలు బొమ్మే పోతుంది. రంగులకు వేరే పలకలు. అచ్చు వేసేవాడు తడి కాగితాన్ని పలక అంచున చెక్కిన గుర్తుకి ఆనించి, వెదురు పొర కప్పిన బిళ్లతో వెనకనుంచి రుద్దుతాడు. ఆకాశం నీలం మెల్లగా పలచబడేది చెక్కడం వల్ల కాదు. ప్రతి కాగితానికీ ముందు పలక మీద రంగును చేత్తో సవరిస్తేనే ఆ ఛాయ వస్తుంది. అందుకే ఏ రెండు ప్రతుల్లోనూ ఆకాశం అచ్చంగా ఒకేలా ఉండదు. డబ్బు పెట్టేది, ఏది అమ్ముడవుతుందో తేల్చేది ప్రచురణకర్త.

హిరోషిగే ‘తొకైదో 53 మజిలీలు’ బొమ్మల వరుస (1833–34)లో గోయు అనే మజిలీ బొమ్మ చూడండి. సత్రం ఆడవాళ్లు బాటసారుల్ని బలవంతాన లోపలికి లాగుతుంటారు. పాపం ఒకడికి మూట తాడు మెడకు బిగుసుకుంది! కుడివైపు సత్రంలో వేలాడే పలకల మీద చెక్కిన జిరోబెయి, అచ్చు వేసిన హెయిబెయి పేర్లున్నాయి. పెద్ద గుండ్రటి బోర్డు మీద ప్రచురణకర్త తకెనోఉచి పేరు. బొమ్మలోనే ప్రకటన అన్నమాట.

అపోహ: అన్నీ కళ్లారా చూసి గీసినవే.

వాస్తవం: తొకైదో అంటే ఎడో (నేటి టోక్యో) నుంచి క్యోటో దాకా సుమారు 500 కిలోమీటర్ల దారి. హిరోషిగే 1832లో ఆ దారిన వెళ్లాడని చెబుతారు, పండితులు చాలామంది ఒప్పుకోరు. 1797 నాటి సచిత్ర యాత్రా గ్రంథం నుంచి కొన్ని దృశ్యాలు తీసుకున్నాడు. ఇక కంబరా మజిలీ బొమ్మలో కురిసిన ఆ దట్టమైన మంచు సంగతి: అది వెచ్చటి తీరప్రాంతం!

అపోహ: హొకుసాయ్ ‘పెద్ద అల’ ప్రకృతి చిత్రం.

వాస్తవం: అల కింద మూడు పడవలున్నాయి. తాజా చేపల్ని ఎడో బజారుకు చేరవేసే వేగపు పడవలవి. తెడ్లు వేసేవాళ్లు వంగి అతుక్కుపోయి ఉంటారు. ఆ బొమ్మ ఉన్న ఫుజి పర్వత చిత్రాల వరుసలోనే దూలాన్ని రంపంతో కోసేవాళ్లూ, పీపా చేసేవాడూ కనిపిస్తారు. ఫుజి వెనకాల చిన్నదిగా ఉంటుంది.

అపోహ: ఈ బొమ్మల్లోని నీలం అచ్చమైన జపాన్ రంగు.

వాస్తవం: బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అది. డచ్చి, చైనా వర్తకుల ద్వారా నాగసాకికి వచ్చేది. 1830 ప్రాంతానికి ధర దిగాకే ప్రచురణకర్తలు విరివిగా వాడారు.

అపోహ: ఇవి శ్రీమంతుల కోసం చేసినవి.

వాస్తవం: ఒక్కో బొమ్మ దాదాపు ఒక గిన్నె నూడుల్స్ ధరకే దొరికేది. 2023లో న్యూయార్క్ వేలంలో ‘పెద్ద అల’ ప్రతి ఒకటి 27 లక్షల డాలర్లు దాటింది.