లినక్స్‌లో తెలుగు సరిగా కనిపించడం లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

లినక్స్ డెస్క్‌టాప్‌లను చక్కదిద్దడం నా పని. ‘తెలుగు రావడం లేదు’ అని ఎవరైనా చెప్పగానే నేను మొదట అడిగేది స్క్రీన్‌షాట్. అక్షరం ఏ రూపంలో చెడిందో చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

అపోహ: ఇంకో నాలుగు ఫాంట్లు వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తేనే ఈ మందు పనిచేస్తుంది. ఆ అక్షరం ఉన్న ఫాంటు సిస్టంకు దొరకలేదని ఆ డబ్బాకు అర్థం. నోటో సాన్స్ తెలుగో, లోహిత్ తెలుగో ఒక్కటి వేస్తే చాలు.

ఒత్తులు విడిపోతే మాత్రం సంగతి వేరు. ‘స్త్రీ’ అనే మాట ఫైలులో ఆరు సంకేతాలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి ఒక్క అక్షరంగా పేర్చే పని ఎక్కువ ప్రోగ్రాముల్లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఎలా పేర్చాలన్న నియమాలు ఫాంటులో ఉంటాయి. ఈ రెండింటిలో ఏది లోపించినా ‘స్‌త్‌రీ’ అని చెల్లాచెదురుగా కనిపిస్తుంది. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ కిటికీలో ఇది మరీ ఎక్కువ. చాలా టెర్మినళ్లు ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో కూర్చోబెట్టాలని చూస్తాయి, మన ఒత్తులు అందులో ఇమడవు. అదే ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ బాగుంటే ఫాంట్ల జోలికి వెళ్లనక్కర్లేదు. గుణింతపు గుర్తు పక్కన చుక్కల వలయం కనిపిస్తే ముందు టైపింగ్‌లో తప్పు దొర్లిందేమో చూడండి.

అపోహ: మెనూలో ఎంచుకున్న ఫాంటే తెరమీద కనిపిస్తుంది.

వాస్తవం: డెజావు సాన్స్ అనే ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. అయినా దాన్ని ఎంచుకుని తెలుగు టైపు చేస్తే అక్షరాలు వస్తాయి, ఎందుకంటే ఫాంట్లను ఎంచిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీ వేరే ఫాంటును వెతికి తెస్తుంది. ఫాంట్లను గుట్టలుగా వేసుకున్నవారి మెనూల్లో శీర్షికల కోసం గీసిన లావుపాటి అక్షరాలు ప్రత్యక్షమయ్యేది ఇలాగే. ఏ ఫాంటు ఎంపికవుతోందో ఎఫ్‌సీ-మ్యాచ్ (fc-match) కమాండును తెలుగు భాషా సంకేతంతో (te) నడిపితే తెలుస్తుంది. నచ్చకపోతే మీ హోం ఫోల్డరులోని ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగుల ఫైలులో వరుస మార్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం: ఇంగ్లీషు ఫాంటును ముందు, తెలుగు ఫాంటును తర్వాత రాయండి. చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలూ ఉంటాయి కాబట్టి, తిరగేసి రాస్తే డెస్క్‌టాప్ మీది ఇంగ్లీషంతా మారిపోతుంది.

అపోహ: ఫాంటు వేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎఫ్‌సీ-క్యాష్ (fc-cache) కమాండు నడిపి, ప్రోగ్రామును మూసి తెరిస్తే సరిపోతుంది.

అపోహ: పాత డీటీపీ ఫైళ్లు ఇంగ్లీషు గజిబిజిగా కనిపించడం లినక్స్ లోపం.

వాస్తవం: అను వంటి పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లలో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటి మీద తెలుగు బొమ్మలు గీశారు. ఆ ఫాంటు లేని విండోస్‌లోనూ అవి అలాగే కనిపిస్తాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లోకి వాటిని మార్చడమే శాశ్వత పరిష్కారం. మార్చాక మూలంతో పోల్చి ప్రతి పేజీ చదవాలి, ముఖ్యంగా ఒత్తులున్న మాటలు, అంకెలు. మూలం ఫైలును మాత్రం చెరిపేయకండి.