మెడ తిప్పి నీళ్లు తాగి చూడండి

మా చెల్లెలు తొలి కాన్పుకు మిర్యాలగూడలో మా ఇంటికి వచ్చింది. కాన్పయిన నాలుగో రోజుకే చనుమొనలు పగిలాయి. బిడ్డ ఏడిస్తే చాలు, చెల్లెలి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. "పాలు సాల్తలేవేమో, డబ్బా పాలు పట్టుండ్రి" అని ఇరుగుపొరుగు మొదలుపెట్టారు.

ఇంటికొచ్చిన ఆశా వర్కర్ ముందు పాలు తాగేటప్పుడు బిడ్డ పడుకున్న తీరు చూసింది. పొట్ట పైకి, మొహం మాత్రం పక్కకి. "బిడ్డా, భుజం మీదికి మెడ తిప్పి ఓ గుటక నీళ్లు తాగు, జూద్దాం" అంది. చెల్లెలికి గుటక పడలేదు. పాపను మొత్తంగా తల్లి వైపు తిప్పి, పొట్టకు పొట్ట ఆనించి, చెవి, భుజం, తుంటి ఒక వరుసలోకి తెచ్చింది. బొంత మడిచి చెల్లెలి చేతి కింద పెట్టింది. వీపు గోడకు ఆనించి కూర్చోమంది. వంగి రొమ్మును బిడ్డ నోటికి అందిస్తే నడుము పోతుంది. బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి.

నొప్పి ఎందుకో తెలియాలంటే మీ నాలుక కొసతో నోటి పైభాగాన్ని తడమండి. ముందు గట్టిగా ఉంటుంది, వెనక్కి పోతే మెత్తబడుతుంది. చనుమొన ఆ మెత్తటి చోటు దాకా చేరాలి. అప్పుడు బిడ్డ నాలుక కిందికి దిగినప్పుడల్లా పుట్టే లాగుడుకు పాలు వస్తాయి. చనుమొన కొస మాత్రమే నోట్లో ఉంటే గట్టి భాగానికి నాలుకకు మధ్య నలుగుతుంది. పగుళ్లు అందుకే. పాలు కూడా సరిగా రావు, దాంతో పాలే లేవనుకుంటాం. ఎంతమంది తల్లులు ఇలా డబ్బాకు మళ్లారో తలుచుకుంటే బాధేస్తుంది.

బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, చనుమొనను బిడ్డ పెదవికి తాకించి ఆగాలి. ఆవలింతంత పెద్దగా నోరు తెరిచాకే దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడతపడాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం పై పెదవి వైపే ఎక్కువ కనిపించాలి. తల వెనక చెయ్యి పెట్టి నెట్టొద్దు, బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది. మెడ కింద, భుజాల దగ్గర పట్టుకుంటే చాలు. అయినా నొప్పి పుడుతుంటే లాగెయ్యకుండా చిటికెన వేలు నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి, మళ్లీ మొదలుపెట్టాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. కుట్ల మీద బరువు పడకుండా చంకన బిందె పెట్టుకున్నట్టు బిడ్డను పక్కన పట్టుకోవచ్చు, కాళ్లు మన వెనక్కి, తల ముందుకు. పక్కకు ఒత్తిగిలి పడుకుని కూడా ఇవ్వొచ్చు.

జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తే పాలు అందుతున్నట్టే.

ఆశా వర్కర్ వచ్చి వెళ్లిన మూడో రోజు సాయంత్రం మా అమ్మ దండెం కింద నిలబడి, పొద్దుటి నుంచి ఆరేసిన గుడ్డలు వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఏడు.