ఒకే కప్పు కింద కబడ్డీ, కచేరీ

చెన్నై పెరియమేడులోని నెహ్రూ ఇండోర్ స్టేడియం 1995లో తెరుచుకుంది. దాదాపు 8,000 మంది పడతారు. కబడ్డీ పోటీలూ జరిగాయి, 2022 చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవమూ జరిగింది. ఆ స్థాయి హాలు ఏదైనా సరే, ఆట రక్తి కట్టినంత తేలిగ్గా పాట రక్తి కట్టదు. "బేస్ గుండెల్లో గుద్దింది గానీ ఒక్క మాట అర్థమైతే ఒట్టు" అనుకుంటూ బయటికొచ్చే జనం సౌండ్ ఇంజినీరును తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు అతనిది కాదు, కప్పుది.

హాల్లో చప్పట్లు కొట్టి ఆపితే, ఆ శబ్దం పూర్తిగా అణగడానికి, అంటే 60 డెసిబెల్స్ తగ్గడానికి, పట్టే సమయమే ప్రతినాద కాలం. దీన్ని లెక్కకట్టే సూత్రాన్ని 1890లలో హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్ తేల్చాడు: ఘనపు మీటర్లలో హాలు పరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే విస్తీర్ణంతో భాగించాలి.

90 మీటర్ల పొడవు, 70 వెడల్పు, 16 ఎత్తు ఉన్న హాలు తీసుకుందాం. పరిమాణం సుమారు లక్ష ఘనపు మీటర్లు. నేల, గోడలు, కప్పు కలిపి 17,700 చదరపు మీటర్లు. కాంక్రీటు, రేకు, చెక్క మీద పడ్డ శబ్దంలో సగటున పదో వంతే ఇంకుతుందనుకుంటే, ఖాళీ హాల్లో ప్రతినాదం 9 సెకన్లు! 8,000 మంది జనం నిండితే ఒక్కొక్కరు అర చదరపు మీటరు చొప్పున పీల్చి దాన్ని 2.8 సెకన్లకు దించుతారు. మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో విన్నది సాయంత్రం ఉండకపోవడానికి కారణం ఇదే. మైకు పాటకు 1.8 సెకన్లలోపు కావాలంటే, చిల్లుల రేకు వెనక మినరల్ ఊల్ (రాతి నారతో చేసిన దూదిలాంటి పొర) పరిచిన పలకలను కప్పులో 5,000 చదరపు మీటర్లకు పైగా వేయాలి.

అక్కడితో అయిపోలేదు. 100 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. 50 మిల్లీమీటర్ల ఊల్ దానికి అడ్డే కాదు. జనం కూడా బేస్‌ను పెద్దగా పీల్చరు. పలకకూ కప్పుకూ మధ్య ఖాళీ వదిలితేనే కొంత పని జరుగుతుంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు కోత పడేది ఆ ఖాళీకే. తెలుగు పాటకు ఈ నష్టం మరీ ఎక్కువ. 'పట్టు', 'కట్టు' లాంటి ఒత్తు పలికే ముందు నాలుక రవ్వంతసేపు ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలోకి వెనకటి మోత వచ్చి కూర్చుంటే ఒత్తు వినపడదు.

వేదికకు 40 మీటర్ల దూరంలో అదనపు స్పీకర్లు వేలాడదీస్తే వాటిని 116 మిల్లీసెకన్లు ఆలస్యంగా మోగించాలి. వేదిక నుంచి శబ్దం అక్కడికి చేరడానికి అంత పడుతుంది. ఇంకో 10, 15 కలిపితే పాట వేదిక మీదనుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది.

బ్యాడ్మింటన్‌ది వేరే గోల. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. ఏసీ గాలి కోర్టు పొడవునా వీస్తే ఒక వైపు ఆడేవాడికి బంతిపూలు, ఇంకో వైపువాడికి ముళ్లు. బ్లోయర్లు తగ్గిద్దామా అంటే, మనిషికి 100 వాట్ల చొప్పున 8,000 మంది 800 కిలోవాట్ల వేడి వదులుతారు. దాన్ని తోడెయ్యడానికే 230 టన్నుల ఏసీ కావాలి. దీపాల వేడి, బయటి గాలి వేడి దీనికి అదనం. అందుకే ఆటకు ముందే హాలును బాగా చల్లబరిచి, ఆట నడుస్తుండగా బ్లోయర్లు తగ్గిస్తారు. సీట్ల కింద నుంచి మెల్లగా చల్లగాలి వదిలే ఏర్పాటు ఉంటే ఇంత తిప్పలు ఉండదు.

పెద్ద షోకు కప్పు నుంచి వేలాడే దీపాలు, స్పీకర్లు 40 టన్నులు దాటొచ్చు. ఆ బరువును లెక్కలో పెట్టకుండా కట్టిన కప్పయితే నేల మీద ట్రస్ (లోహపు చట్రం) స్తంభాలు నిలబెట్టాలి. వాటి వెనకున్న సీట్లు అమ్ముడుపోవు.

కచేరీ ముగిశాక, సామాను లారీల్లోకి ఎక్కించే గంటలు చెన్నైలో ప్రమాదకరం. పెద్ద షట్టర్లు తెరిచి ఉంచితే సముద్రపు తేమ లోపలికి వస్తుంది. బయటి గాలి 25 డిగ్రీలకే నీరు వదిలే రోజుల్లో, 22 డిగ్రీలున్న నేల చెమర్చి జారుతుంది. మేపుల్ చెక్క కోర్టయితే తేమ పీల్చి పలకలు ఉబ్బుతాయి. ముందు ఏసీ ఆపి నేలను వెచ్చబడనివ్వాలి. కోర్టు చెక్కను విడిగా, తేమ తక్కువగా ఉండే గదిలో పెట్టాలి. షట్టరు ఎత్తడం ఆ తర్వాతే.