అమెరికాలో డీజిల్ కార్లు ఎందుకు తక్కువ?

పిల్లలకు ఆశీస్సులు.

మన దగ్గర ఇన్నోవాలు, స్కార్పియోలు డీజిల్ మీద తిరుగుతుంటే అమెరికాలో అలాంటి కార్లు ఎందుకు కనబడవని అడిగారు కదా. అక్కడ డీజిల్ లేక కాదు. సరుకు మోసే పెద్ద లారీలు దాదాపు అన్నీ డీజిల్‌వే. ఇంట్లో వాడుకునే కార్ల దగ్గరే చిక్కు వచ్చింది.

1970ల్లో చమురు ధరలు మండిపోయినప్పుడు అక్కడివాళ్లూ మైలేజీ కోసం డీజిల్ వైపు చూశారు. జనరల్ మోటార్స్ 1978 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెద్ద డీజిల్ ఇంజన్ పెట్టింది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ ఒత్తిడికి ఆగాలంటే ఇంజన్ పైమూతను, అంటే సిలిండర్ హెడ్‌ను, బిగించే బోల్టులు చాలా బలంగా ఉండాలి. వాళ్లేమో పెట్రోలు ఇంజన్ బోల్టుల అమరికనే ఉంచేశారు. బోల్టులు సాగి, ఆ మూత కింద సందు లేకుండా మూసే హెడ్ గ్యాస్కెట్లు పోయాయి. డీజిల్‌లో చేరే నీటిని వేరుచేసే ఫిల్టర్ కూడా పెట్టకపోవడంతో పంపులు తుప్పు పట్టాయి. 1985తో ఆ ఇంజన్ ఆగిపోయింది. డీజిల్ కారంటే జనానికి పట్టుకున్న భయం మాత్రం చాలా ఏళ్లు పోలేదు.

ధర సంగతీ ఉంది. యూరప్‌లో చాలా దేశాలు డీజిల్ మీద పన్ను తక్కువ వేశాయి. అమెరికా ఫెడరల్ పన్ను గ్యాలన్ పెట్రోలుకు 18.4 సెంట్లయితే డీజిల్‌కు 24.4.

అసలు కారణం పొగ. ఆ వేడిలో, ఒత్తిడిలో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్‌లు పుడతాయి. ఎండ తగిలితే వాటి వల్లే ఓజోన్ తయారవుతుంది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసిన పొగమంచులో వీటి పాత్ర పెద్దది. పెట్రోలు కారులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ వీటిని విరగ్గొట్టేస్తుంది. డీజిల్ పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటుంది కాబట్టి అక్కడ అది పనిచేయదు. ఆ ఆక్సైడ్‌లను తగ్గించే యూరియా ద్రావణం ట్యాంకు, మసిని పట్టే ఫిల్టర్ లాంటివి విడిగా పెట్టాలి. అవి ఖరీదు.

యూరప్‌లో 2009లో వచ్చిన యూరో 5 అనే పొగ నిబంధనలు కిలోమీటరుకు పెట్రోలు కారుకు 60 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్‌లు, డీజిల్‌కు 180 దాకా ఒప్పుకున్నాయి. అమెరికా రెండింటికీ ఒకే హద్దు పెట్టింది, అదీ ఇంకా తక్కువగా. ఏ కారు పొగైనా పీల్చేది ఆ వీధిలోని పిల్లలే కాబట్టి నాకు ఇదే న్యాయమనిపిస్తుంది.

ఆ హద్దు దాటకుండానే చవగ్గా అమ్ముతున్నామని చెప్పిన ఫోక్స్‌వ్యాగన్ 2015 సెప్టెంబరులో దొరికిపోయింది. పరీక్ష జరుగుతోందని స్టీరింగ్ కదలికను, వేగాన్ని బట్టి పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపు చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. రోడ్డు మీద కొన్ని కార్లు హద్దుకు 40 రెట్ల దాకా వదిలాయి. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు యంత్రాలను కారులోకే ఎక్కించి, రోడ్ల మీద నడిపి కొలవడంతో గుట్టు బయటపడింది. ఆ తర్వాత ఆ కంపెనీ అమెరికాలో డీజిల్ కార్లు అమ్మడం మానేసింది.

మన దగ్గరా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చినప్పుడు ఇదే లెక్క ఎదురైంది. చిన్న కారుకు ఇవన్నీ తగిలిస్తే గిట్టుబాటు కాదని మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ధర ఎక్కువున్న పెద్ద బండ్లలో ఆ ఖర్చు ఇముడుతుంది కాబట్టి అవి కొన్ని ఇంకా డీజిల్‌లో వస్తున్నాయి.

మీ తాతయ్య